ఇంట్లోవాళ్లకు, స్నేహితులకు డబ్బు ఇస్తే పన్ను పడుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్, జూలై నెలల్లో రిటర్నులు వేసే హడావిడి మొదలవగానే నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. "అన్నయ్య పది లక్షలు పంపాడు, ఏమైనా అవుతుందా?" "స్నేహితుడి దగ్గర చేబదులు తీసుకున్నాను, చూపించాలా?" ప్రతిసారీ మొదటినుంచి చెప్పలేక ఇలా ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

ముందే ఒక మాట. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం 2025 అమల్లోకి వచ్చింది. 1961 నాటి చట్టంలోని సెక్షన్ నంబర్లు మారాయి కానీ బహుమతుల విషయంలో అసలు సూత్రాలు అవే. అందుకే నంబర్ల జోలికి పోకుండా విషయమే రాశాను.

## ఇవ్వకముందు వచ్చే సందేహాలు

పన్ను కట్టాల్సింది డబ్బు ఇచ్చినవాళ్లా, తీసుకున్నవాళ్లా?

మన దేశంలో తీసుకున్నవాళ్లే. ఒకప్పుడు ఇచ్చినవాళ్లు కట్టేవారు. 1958 నాటి గిఫ్ట్ ట్యాక్స్ చట్టం అలా ఉండేది. 1998 అక్టోబర్ 1 నుంచి దాన్ని ఆపేశారు. కొన్నేళ్లు ఇటూ అటూ ఎవరికీ పన్ను లేదు. 2004లో కొత్త నిబంధన తెచ్చి, బంధువులు కానివాళ్ల నుంచి వచ్చిన డబ్బును తీసుకున్నవాళ్ల ఆదాయంగా లెక్కించడం మొదలుపెట్టారు. పెద్దవాళ్లు ఇప్పటికీ "ఇచ్చినందుకు పన్ను" అంటుంటారు. అది పాత చట్టం నాటి జ్ఞాపకం.

అమ్మానాన్నలకు నెలనెలా డబ్బు పంపుతున్నాను. నా పన్ను తగ్గుతుందా?

తగ్గదు. వాళ్లకు పన్ను పడదు, మీకు మినహాయింపు రాదు. మీరు పంపేది పన్ను కట్టగా మిగిలిన జీతంలోంచి ఇచ్చిన డబ్బు, అంతే. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు మాత్రం ఒక చిన్న వెసులుబాటు ఉంది. తల్లిదండ్రుల ఆరోగ్య బీమా ప్రీమియం మీరు కడితే ఏడాదికి 25,000 రూపాయల వరకు, వాళ్లు 60 ఏళ్లు దాటినవాళ్లయితే 50,000 వరకు మినహాయింపు దొరుకుతుంది. కొత్త విధానంలో అదీ లేదు.

స్నేహితుడి నుంచి 60,000 వచ్చింది. 50,000 పోగా మిగిలిన పదివేల మీదే కదా పన్ను?

కాదు. దాదాపు అందరూ పొరబడేది ఇక్కడే. బంధువులు కానివాళ్లందరి నుంచి ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఊరికే వచ్చిన డబ్బు మొత్తం 50,000 దాటితే, దాటిన భాగం కాదు, మొత్తం సొమ్మంతా మీ ఆదాయంలో కలుస్తుంది. 60,000 వస్తే 60,000 మీదా లెక్క. సరిగ్గా 50,000 వస్తే ఏమీ లేదు.

ఇంకో సంగతి. ఈ పరిమితి ఒక్కో మనిషికి విడివిడిగా ఉండదు. ఒక స్నేహితుడు 30,000, ఇంకొకరు 25,000 ఇస్తే మొత్తం 55,000 అయినట్టే.

ఆదాయంలో కలిస్తే ఎంత శాతం పన్ను పడుతుంది?

బహుమతికి ప్రత్యేకమైన రేటు లేదు. "ఇతర ఆదాయం" కింద కలిపి, మీ శ్లాబు (ఆదాయాన్ని బట్టి ఉండే పన్ను రేటు) ప్రకారమే వేస్తారు. కొత్త విధానంలో ఇక్కడ నివసించేవాళ్లకు 12 లక్షల ఆదాయం వరకు రిబేటు (పన్ను తగ్గింపు) ఉంది కాబట్టి, బహుమతి కలిపాక కూడా ఆ లోపే ఉంటే కట్టాల్సింది ఏమీ ఉండకపోవచ్చు. అయినా రిటర్నులో చూపించాల్సిందే.

హోటల్ బిల్లు నేను కట్టాను, మిగతావాళ్లు యూపీఐలో వాటా పంపారు. అదీ బహుమతేనా?

కాదు. మీరు ఖర్చు పెట్టింది మీకు తిరిగి వచ్చింది. అద్దె పంచుకోవడం, టికెట్ల డబ్బు పంపడం అన్నీ ఇంతే. దీనికి టెన్షన్ అక్కర్లేదు. పంపేటప్పుడు నోట్‌లో "టికెట్లు" అని ఒక ముక్క రాయమనండి, చాలు.

## ఎవరు బంధువు, ఎవరు కాదు

చట్టం ప్రకారం బంధువులు అంటే ఎవరెవరు?

డబ్బు తీసుకున్న మనిషి వైపు నుంచి చూడాలి. భార్య లేదా భర్త. సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. భార్య లేదా భర్త తోబుట్టువులు. తల్లి తోబుట్టువులు, తండ్రి తోబుట్టువులు. తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మ, నానమ్మ, ఇలా నేరుగా పై తరాలవాళ్లు. పిల్లలు, మనవలు, ఇలా నేరుగా కింది తరాలవాళ్లు. భార్య లేదా భర్త వైపు కూడా నేరుగా పై తరాలు, కింది తరాలు. చివరగా, వీళ్లందరి భార్యలు, భర్తలు.

మన మాటల్లో చెప్పాలంటే పెదనాన్న, బాబాయ్, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని, వాళ్ల జీవిత భాగస్వాములు అందరూ వస్తారు. అత్తమామలు, కోడలు, అల్లుడు, పెళ్లి ద్వారా అయిన బావ, వదిన, మరదలు, బావమరిది వస్తారు. తోడల్లుడు, తోటికోడలు కూడా వస్తారు. వీళ్లు ఎంత ఇచ్చినా పన్ను లేదు, పరిమితి లేదు.

మా పెదనాన్న కొడుకు నాకు సొంత అన్నలాంటివాడు. ఆయన ఇచ్చింది లెక్కలోకి వస్తుందా?

వస్తుంది. మనం అన్నయ్య అనే పిలుస్తాం, రాఖీ కడతాం, పెళ్లి పత్రికలో పేరు వేస్తాం. చట్టం మాత్రం ఆయన్ని బంధువుగా చూడదు. పెదనాన్న, బాబాయ్, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని పిల్లలు ఎవరూ ఆ జాబితాలో లేరు. వాళ్ల నుంచి వచ్చింది 50,000 దాటితే మొత్తం మీ ఆదాయం. చిత్రం ఏమిటంటే అదే డబ్బు పెదనాన్నే స్వయంగా మీకు ఇస్తే పైసా పన్ను లేదు.

మేనమామ నాకు ఇస్తే పన్ను లేదన్నారు. ఇప్పుడు నేను సంపాదిస్తున్నాను, ఆయనకు 3 లక్షలు ఇస్తే?

ఆయనకు పన్ను పడుతుంది. వినడానికి అన్యాయంగానే ఉంటుంది. మీరు తీసుకున్నప్పుడు ఆయన "తల్లి సోదరుడు", జాబితాలో ఉన్నాడు. ఆయన తీసుకునేటప్పుడు మీరు "సోదరి కొడుకు", జాబితాలో లేరు. చుట్టరికం ఒకటే అయినా డబ్బు వెళ్లే దిశ మారితే ఫలితం మారిపోతుంది. బాబాయ్‌కి, పిన్నికి, మేనత్తకు ఇచ్చినా ఇంతే.

ఒక్క మినహాయింపు మన ఇళ్లలోనే కనిపిస్తుంది. మేనరికం చేసుకుని మీరు ఆయన అల్లుడైపోతే, మీరు ఆయన కూతురి భర్త. అప్పుడు మీరిచ్చేదానికి పన్ను లేదు. ఇది విని ఒకాయన "ముందే తెలిస్తే బాగుండేది" అని నవ్వాడు.

వియ్యంకుడు ఇచ్చిన డబ్బు సంగతేంటి? మా ఆవిడ బాబాయ్ ఇస్తే?

ఇద్దరూ మీకు బంధువులు కారు. అల్లుడు బంధువు, అల్లుడి తండ్రి కాదు. భార్య అన్నదమ్ములు బంధువులు, భార్య తండ్రి అన్నదమ్ములు కాదు. అయితే ఆ బాబాయ్ మీ ఆవిడకు మాత్రం బంధువే. కాబట్టి ఆవిడకు ఇవ్వాలనుకున్న డబ్బును ఆవిడ ఖాతాలోనే వేయమనండి. మీ ఖాతాలో వేయించుకుని తర్వాత వివరణ రాసుకోవడం ఎందుకు?

నిశ్చితార్థం అయింది, పెళ్లి ఇంకా కాలేదు. కాబోయే భర్త పంపిన డబ్బు?

పెళ్లి అయ్యేదాకా ఆయన చట్టం దృష్టిలో బంధువు కాదు. పెద్ద మొత్తమైతే పెళ్లి అయ్యాక ఇవ్వడమే మేలు. అయితే దీనికి ఇంకో కోణం కూడా ఉంది. భర్త అయ్యాక ఇచ్చిన డబ్బు మీద వచ్చే వడ్డీని ఆయన ఆదాయంలోనే కలుపుతారు. పెళ్లికి ముందు ఇచ్చిన డబ్బుకు ఆ నిబంధన వర్తించదు. మొత్తాన్ని బట్టి ఏది మంచిదో లెక్క వేసుకోండి.

## పెళ్లిళ్లు, శుభకార్యాలు

పెళ్లిలో వచ్చిన చదివింపులకు పన్ను ఉందా?

లేదు. పెళ్లి సందర్భంగా వధూవరులకు ఎవరు ఎంత ఇచ్చినా పన్ను పడదు. బంధువులా, స్నేహితులా, ఆఫీసువాళ్లా అన్న తేడా లేదు. కానీ ఇది పెళ్లి చేసుకున్నవాళ్లకే. పెళ్లికూతురి తండ్రి చేతికి ఆయన స్నేహితులు ఇచ్చిన కవర్లు మొత్తం 50,000 దాటితే అది తండ్రి ఆదాయం.

చదివింపుల పుస్తకం పారేయకండి. ఎవరు ఎంత చదివించారో తేదీతో, ఊరితో సహా రాసి ఉన్న ఆ పుస్తకం కంటే మంచి ఆధారం ఉండదు. శుభలేఖ ఒకటి, పెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం ఒకటి దానితోపాటు దాచండి. వచ్చిన నగదును పెళ్లయిన కొద్దిరోజుల్లోనే బ్యాంకులో వేయండి. ఏడాది తర్వాత వేసి "పెళ్లి డబ్బు" అంటే నమ్మించడం కష్టం.

ఇక కట్నం గురించి కూడా అడుగుతుంటారు. పన్ను మినహాయింపు ఉన్నంత మాత్రాన అది చట్టబద్ధం అయిపోదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇవ్వడమూ తీసుకోవడమూ నేరమే.

గృహప్రవేశం, పుట్టినరోజు, ఓణీల ఫంక్షన్, షష్టిపూర్తి బహుమతులకు కూడా మినహాయింపు ఉందా?

లేదు. మినహాయింపు పెళ్లి ఒక్కదానికే. మిగతా వేడుకల్లో చట్టం గుర్తించే బంధువులు ఇచ్చింది ఎంతైనా సరే, బయటివాళ్లు ఇచ్చింది ఏడాదికి 50,000 దాటకూడదు. పెళ్లిరోజు కూడా పెళ్లి కిందికి రాదు.

పెళ్లిలో వచ్చిన బంగారం ఎంత దాకా ఉంచుకోవచ్చు?

ఎక్కడినుంచి వచ్చిందో చూపించగలిగితే ఇంత అని పరిమితి లేదు. అందరి నోటా వినిపించే 500 గ్రాముల లెక్క వేరే విషయం. సోదాలు జరిగినప్పుడు వివాహిత దగ్గర 500 గ్రాములు, అవివాహిత దగ్గర 250, పురుషుడి దగ్గర 100 గ్రాముల వరకు నగలను జప్తు చేయవద్దని 1994లో అధికారులకు ఇచ్చిన సూచన అది. దానికీ పన్నుకూ సంబంధం లేదు.

## ఇచ్చే విధానం

అన్నయ్య 4 లక్షలు నగదుగా ఇస్తానంటున్నాడు. బంధువే కదా, తీసుకోవచ్చా?

వద్దు. బంధువైనా సరే, ఒక మనిషి నుంచి ఒక రోజులో గానీ, ఒకే లావాదేవీకి గానీ, ఒకే సందర్భానికి గానీ 2 లక్షలు లేదా అంతకంటే ఎక్కువ నగదు తీసుకోకూడదు. తీసుకుంటే తీసుకున్న మొత్తానికి సమానంగా జరిమానా పడవచ్చు, అదీ తీసుకున్నవాళ్లకే. నాలుగు రోజులు లక్ష చొప్పున పంచి ఇచ్చినా ఒకే సందర్భానికి ఇచ్చినట్టు తేలితే తప్పే. బహుమతిగా పన్ను లేని డబ్బుకు కేవలం నగదుగా తీసుకున్నందుకు జరిమానా కట్టడం చూస్తే కడుపు మండుతుంది. ఆన్‌లైన్ బదిలీ గానీ, క్రాస్ చేసిన అకౌంట్ పేయీ చెక్కు గానీ అయితే ఏ గొడవా లేదు.

స్నేహితుడి దగ్గర చేబదులు తీసుకున్నాను. అది ఆదాయమా?

తిరిగి ఇచ్చేది అప్పు. వడ్డీ లేకపోయినా అప్పు అప్పే, ఆదాయం కాదు. 50,000 పరిమితి దీనికి లేదు. కానీ 20,000 రూపాయలు లేదా అంతకు మించి అప్పును నగదుగా తీసుకోకూడదు. తిరిగి కట్టేటప్పుడు కూడా ఆ మొత్తాన్ని నగదుగా ఇవ్వకూడదు. రెండింటికీ అంత సొమ్మూ జరిమానా పడే వీలుంది. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, ఇద్దరికీ పన్ను పడే ఆదాయం లేకపోతే నగదు అప్పు తీసుకోవడంలో సడలింపు ఉంది.

"చేబదులు" అని చెప్పి ఐదేళ్లయినా ఒక్క రూపాయి తిరిగి ఇవ్వకపోతే, కాగితం కూడా లేకపోతే, అది బహుమతి కాదని అధికారిని ఒప్పించడం మీ పని అవుతుంది.

డబ్బు ఇచ్చినందుకు గిఫ్ట్ డీడ్ రాసుకోవాలా? రిజిస్టర్ చేయాలా?

డబ్బుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. బ్యాంకు ద్వారా వెళ్తే చిన్న మొత్తాలకు కాగితం కూడా అవసరం లేదు. లక్షల్లో ఉన్నప్పుడు మాత్రం ఒక పేజీ రాసుకోండి. ఇచ్చినవారి పేరు, పాన్, తీసుకున్నవారి పేరు, చుట్టరికం, మొత్తం, తేదీ, బదిలీ వివరం, "ప్రేమాభిమానాలతో ఇస్తున్నాను, తిరిగి ఆశించను" అన్న వాక్యం, తీసుకున్నవారు అంగీకరించినట్టు సంతకం, ఇద్దరు సాక్షులు. ఇంటి దగ్గర పావుగంట పని. నోటీసు వచ్చాక పాత తేదీ వేసి రాసే కాగితాలు మాత్రం వద్దు, ఆ పని మేలు కంటే కీడే చేస్తుంది.

## ఇచ్చిన తర్వాత: వడ్డీ, అద్దె ఎవరి లెక్కలోకి?

నా భార్య పేరు మీద 10 లక్షలు ఎఫ్‌డీ వేశాను. ఆమెకు వేరే ఆదాయం లేదు. పన్ను తప్పినట్టే కదా?

తప్పదు. మీరిచ్చిన 10 లక్షల మీద ఆమెకు పన్ను లేదు, నిజమే. కానీ ఆ డబ్బు మీద వచ్చే వడ్డీని ఏటా మీ ఆదాయంలోనే కలపాలి. భార్య భర్తకు ఇచ్చినా ఇదే, కోడలికి అత్తమామలు ఇచ్చినా ఇదే.

వడ్డీని ఆమె మళ్లీ పెట్టుబడి పెడితే, వడ్డీ మీద వచ్చే వడ్డీ మాత్రం ఆమెదే. రెండు లెక్కలూ కలగాపులగం కాకుండా వేరే ఖాతా పెట్టుకుంటే మంచిది. డబ్బును బహుమతిగా కాకుండా సరైన వడ్డీకి అప్పుగా ఇచ్చి, ఆ వడ్డీ నిజంగా వసూలు చేస్తే కలపాల్సిన అవసరం ఉండదు. కాగితం మీద మాత్రమే ఉన్న వడ్డీ పనికిరాదు.

భార్య పేరు మీద ఇల్లు కొన్నాను, డబ్బు మొత్తం నాదే. అద్దె ఎవరిది?

పన్ను లెక్కలో మీదే. ప్రతిఫలం లేకుండా భార్య పేరున పెట్టిన ఇంటికి మిమ్మల్నే యజమానిగా భావిస్తారు. అద్దె ఆమె ఖాతాలో పడినా మీ రిటర్నులోనే చూపాలి.

పిల్లల పేరు మీద వేస్తే?

18 ఏళ్లు నిండని పిల్లల ఆదాయాన్ని తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువైతే వాళ్లకు కలుపుతారు. పాత విధానంలో ఒక్కో బిడ్డకు ఏడాదికి 1,500 రూపాయల మినహాయింపు ఉంది, కొత్త విధానంలో అదీ లేదు. బిడ్డ తన ప్రతిభతో, సొంత శ్రమతో సంపాదించింది కలపరు. 18 నిండిన కొడుకుకో కూతురుకో ఇచ్చి వాళ్లు పెట్టుబడి పెడితే ఆ ఆదాయం పూర్తిగా వాళ్లదే.

అమ్మానాన్నలకు ఇచ్చి వాళ్ల పేరు మీద ఎఫ్‌డీ వేస్తే?

వడ్డీ వాళ్ల ఆదాయమే, మీకు కలపరు. వాళ్లకు వేరే ఆదాయం పెద్దగా లేకపోతే ఇది సక్రమమైన మార్గమే. కాకపోతే ఇచ్చిన డబ్బు ఇక వాళ్లదే. రేపు వాళ్లు అది చెల్లెలికి ఇస్తానంటే మీరు అడ్డు చెప్పలేరు. పన్ను ఆదా గురించి అడిగేవాళ్లలో ఈ ముక్క ఆలోచించేవాళ్లు తక్కువ.

## ఇల్లు, స్థలం

నాన్న స్థలాన్ని నా పేరు మీద గిఫ్ట్ చేస్తే పన్ను ఎంత?

ఆదాయపు పన్ను ఇద్దరికీ లేదు. కానీ స్థిరాస్తికి తెల్లకాగితం చాలదు. దానపత్రం ఇద్దరు సాక్షులతో రాసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయాలి, స్టాంపు డ్యూటీ కట్టాలి. అది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

తర్వాత మీరు అమ్మితే, నాన్న కొన్న ధరే మీ కొనుగోలు ధర. ఆయన దగ్గర ఉన్న కాలం కూడా మీ లెక్కలో కలుస్తుంది. ఆయన 2001 ఏప్రిల్ 1కి ముందే కొని ఉంటే, ఆ తేదీ నాటి విలువను తీసుకునే వీలుంది. అందుకే పాత దస్తావేజులు జాగ్రత్త.

ఇచ్చే పెద్దవాళ్లకు ఒక సలహా. మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు పత్రంలో స్పష్టంగా రాయించండి. 60 ఏళ్లు దాటినవాళ్లు అలాంటి షరతుతో ఆస్తి ఇచ్చాక పిల్లలు చూడకపోతే, 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ బదిలీని రద్దు చేయమని అడగవచ్చు. షరతు రాయకపోతే వాదన బలహీనపడుతుంది.

స్నేహితుడు 40 లక్షల ప్రభుత్వ విలువ ఉన్న ప్లాటును 30 లక్షలకు ఇచ్చాడు. లాభమే కదా?

ఆ లాభానికే పన్ను. ప్రభుత్వ విలువకూ (అదే రిజిస్ట్రేషన్ విలువ) మీరిచ్చిన ధరకూ తేడా 50,000 దాటి, ధరలో 10 శాతం కూడా దాటితే, ఆ తేడా మీ ఆదాయం. ఇక్కడ 10 లక్షలు కలుస్తాయి. పూర్తిగా ఊరికే ఇస్తే రిజిస్ట్రేషన్ విలువ మొత్తం కలుస్తుంది.

స్నేహితుడు కారు కొనిచ్చాడు. దానికీ ఉందా?

లేదు. వస్తువుల్లో షేర్లు, నగలు, బంగారం వెండి కడ్డీలు, చిత్రాలు, శిల్పాలు, కళాఖండాలు, పురావస్తువులు, క్రిప్టో లాంటి డిజిటల్ ఆస్తులు మాత్రమే జాబితాలో ఉన్నాయి. కారు, ఫోన్, ఫ్రిజ్ లేవు. కారు కొనుక్కోమని డబ్బు ఇస్తే మాత్రం అది డబ్బే.

తాతగారు వీలునామాలో రాసిన ఆస్తికి?

పన్ను లేదు. వీలునామా ద్వారా గానీ వారసత్వంగా గానీ వచ్చినది ఎవరి నుంచి వచ్చినా సరే. వారసత్వ పన్ను 1985 నుంచి మన దేశంలో లేదు. ఆ ఆస్తి మీద ఇకపై వచ్చే అద్దె, వడ్డీ మీ ఆదాయం.

## విదేశాల్లో ఉన్నవాళ్లతో

అమెరికాలో ఉన్న కొడుకు డబ్బు పంపితే మాకు పన్ను ఉంటుందా?

మీకు లేదు, ఎంత పంపినా. కొడుకు చూసుకోవాల్సింది మాత్రం అక్కడి చట్టం. అమెరికాలో పద్ధతి తిరగబడి ఉంటుంది, అక్కడ బహుమతి పన్ను ఇచ్చినవాళ్లది. 2025లో ఒక్కో మనిషికి 19,000 డాలర్లు దాటి ఇస్తే ఫారం 709 వేయాలి. జీవితకాల మినహాయింపు చాలా పెద్దది కాబట్టి ఎక్కువమందికి పన్ను పడదు, ఫారం వేయడంతో సరిపోతుంది.

మేం ఇక్కడినుంచి అబ్బాయికి పంపాలి. ఎంత పంపవచ్చు?

ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు. బహుమతిగా పంపేది 10 లక్షల రూపాయలు దాటితే దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. అది పోయే డబ్బు కాదు, రిటర్ను వేస్తే మీ పన్నులో సర్దుతారు లేదా తిరిగి ఇస్తారు. అబ్బాయికి ఇక్కడ పన్ను లేదు. అక్కడ ఏడాదిలో మీ నుంచి లక్ష డాలర్లు దాటి వస్తే ఫారం 3520లో తెలపాలి. పన్ను లేకపోయినా ఆ ఫారం మరిచిపోతే జరిమానా గట్టిగానే ఉంటుంది.

## రిటర్ను, నోటీసు

పన్ను లేని బహుమతిని రిటర్నులో చూపించాలా?

నా సలహా, పెద్ద మొత్తమైతే మినహాయింపు ఆదాయాల షెడ్యూల్‌లో చూపించండి. రేపు ఆ డబ్బుతో స్థలం కొన్నప్పుడు ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం ముందే రికార్డులో ఉంటుంది. సేవింగ్స్ ఖాతాల్లో ఏడాదికి 10 లక్షలు లేదా అంతకు మించి నగదు పడితే బ్యాంకు ఎలాగూ ఆదాయపు పన్ను శాఖకు తెలియజేస్తుంది.

నాన్న ఇచ్చిన డబ్బు గురించి నోటీసు వచ్చింది. ఏం చూపించాలి?

మూడు విషయాలు. ఇచ్చిన మనిషి ఎవరు, ఆయనకు అంత ఇచ్చే స్తోమత ఉందా, నిజంగా ఇచ్చారా. మొదటిదానికి పాన్, ఆధార్, చుట్టరికం తెలిపే పత్రం. మూడోదానికి ఇద్దరి బ్యాంకు స్టేట్‌మెంట్లు. ఇబ్బందంతా రెండోదానితోనే. నాన్న రైతు అయితే పట్టాదారు పాస్‌బుక్, పంట అమ్మిన రసీదులు. పొలం అమ్మి ఇస్తే ఆ దస్తావేజు. అమ్మ చిట్టీ పాడుకుని ఇస్తే ఆ చిట్టీ పాస్‌బుక్. బదిలీకి ముందురోజు నాన్న ఖాతాలో అంతే మొత్తం నగదు పడి ఉంటే, అధికారి మొదట అడిగేది దాని గురించే.

డబ్బు ఇచ్చిన మా నాన్న ఇప్పుడు లేరు. ఎలా రుజువు చేయాలి?

ఆయన సంతకం లేకపోయినా ఆయన వదిలిన కాగితాలు ఉంటాయి. బ్యాంకు నుంచి పాత స్టేట్‌మెంట్ తీయించండి. ఆయన రిటర్నులు, పెన్షన్ ఆర్డరు, అమ్మిన ఆస్తి దస్తావేజు, ఏది దొరికితే అది. మరణ ధృవీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం జతచేసి, అమ్మ గానీ మిగతా వారసులు గానీ ఆ బహుమతి తమకు తెలుసని అఫిడవిట్ ఇస్తే బలం వస్తుంది. నోటీసులో ఇచ్చిన గడువు చూసుకోండి. బ్యాంకు పాత రికార్డులు తీయడానికి వారాలు పట్టవచ్చు, అవసరమైతే మొదటి రోజే గడువు పొడిగించమని పోర్టల్‌లో అడగండి.